పేరు పిలిస్తే పలికేదెవరు? గేమ్ మిషన్ స్క్రిప్టుల్లో స్ట్రింగులు, రిఫరెన్సులు

ఆర్మా 3 ఎడిటర్ తెరిచి మ్యాప్ మీద పది ట్యాంకులు నిలబెట్టి, ఒక్కోదాని వేరియబుల్ నేమ్ గడిలో ట్యాంక్_1, ట్యాంక్_2 అంటూ ట్యాంక్_10 దాకా పేర్లు రాశారనుకుందాం. ఇప్పుడు లూప్ నడిపి పదింటిలోనూ ఇంధనం సగానికి తగ్గించాలి. లూప్ తిరుగుతుంటే అంకె మారుతుంది, ఆ అంకెను "ట్యాంక్_" అన్న అక్షరాల చివర అతికిస్తే "ట్యాంక్_7" తయారవుతుంది. తయారైంది మాత్రం ట్యాంకు కాదు, ట్యాంకు పేరు. ఇంధనం తగ్గించే కమాండ్‌కు పేరు అందిస్తే ఎర్రర్ కొడుతుంది, దానికి బండే కావాలి. నాలుగక్షరాల స్ట్రింగ్ నుంచి మ్యాప్ మీదున్న ఇనుప బండి దాకా ఎలా వెళ్లాలన్నది, చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ 2001లో ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ విడుదల చేసినప్పటి నుంచీ మిషన్లు రాసేవాళ్లు అడుగుతున్న ప్రశ్న. జవాబు ఒక్క లైనులో ఉంటుంది. అయినా ప్రశ్న ఆగలేదు, కొత్తవాళ్లు వచ్చినకొద్దీ మళ్లీ మొదటికొస్తూనే ఉంది.

నా ఉద్దేశంలో ఇది అసలు కమాండ్ల గొడవ కాదు. ఎడిటర్ గడిలో రాసే పేరు ఒక పాత్రకు చెందుతుంది: కాన్వాయ్‌లో ముందు నడిచే బండి, శత్రువుల చేతికి చిక్కిన అధికారి, ఐదో ఆటగాడు. రిఫరెన్స్ అలా కాదు, ఆ క్షణాన ఆ పాత్రలో ఉన్న ఒకానొక శరీరాన్ని పట్టుకుంటుంది. స్ట్రింగ్‌ను ఆబ్జెక్ట్‌గా మార్చడమంటే ఫలానా పాత్రలో ఇప్పుడు ఎవరున్నారని ఇంజన్‌ను అడగడమే. ఎప్పుడు అడగాలి, ఎన్నిసార్లు అడగాలి, ఎవరూ లేరని తెలిస్తే ఏం చెయ్యాలి అన్నవి తేల్చుకుంటే ఏ కమాండ్ వాడాలో దానంతటదే తేలుతుంది. అవి తేల్చుకోకుండా ఎక్కడిదో ఒక లైను ఎత్తి పెట్టుకున్న మిషన్, రాసినవాడు ఒక్కడే ఆడి చూసుకున్నంతసేపూ చక్కగా నడుస్తుంది. పదిమంది చేరాకే దాని బండారం బయటపడుతుంది.

ముందు ఆర్మా లోపల జరిగేది చూద్దాం. ఎడిటర్‌లో పేరు పెట్టిన ప్రతి వస్తువుకూ మిషన్ మొదలవుతూనే ఆ పేరుతో ఒక గ్లోబల్ వేరియబుల్ పుడుతుంది. అది మిషన్‌నేమ్‌స్పేస్ అనే పెద్ద పట్టికలో కూర్చుంటుంది, దాని విలువ ఆ వస్తువు రిఫరెన్స్. కాబట్టి పేరు చేతిలో ఉంటే వస్తువును అందుకోవడానికి దారులు రెండు. పాతది కాల్ కంపైల్: స్ట్రింగ్‌ను కోడ్‌గా కంపైల్ చేయించి, ఆ కోడ్‌ను నడిపించి, వచ్చిన విలువను తీసుకోవడం. రెండోది గెట్‌వేరియబుల్: ఈ పేరు కింద ఏముందో తీసివ్వమని నేరుగా పట్టికనే అడగడం. రెండో దానికి ఇంకో సదుపాయం కూడా ఉంది. పేరు దొరక్కపోతే బదులుగా ఏమివ్వాలో ముందే చెప్పవచ్చు, మామూలుగా అక్కడ ఆబ్జ్‌నల్ అనే ఖాళీ ఆబ్జెక్ట్‌ను పెడతారు. ఫలితం రెండు దారుల్లోనూ ఒకటేలా కనిపిస్తుంది. చేసే పని మాత్రం పూర్తిగా వేరు. మొదటిది స్ట్రింగ్‌లో ఏం రాసి ఉంటే అది చేస్తుంది, రెండోది స్ట్రింగ్‌ను పేరుగా తప్ప మరోలా చూడదు.

వెనక్కి వెళ్లే దారి, అంటే వస్తువు నుంచి పేరు రాబట్టడం, ఇంతకంటే మోసకారిది. ఒక సైనికుణ్ణి స్ట్ర్ అనే కమాండ్‌కు అందిస్తే స్ట్రింగ్ వస్తుంది, కాబట్టి దాన్నే దాచుకుని అవసరమైనప్పుడు మళ్లీ సైనికుడిగా మార్చుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఎడిటర్‌లో పేరు పెట్టిన సైనికుడైతే నిజమే, ఆ పేరే వస్తుంది. పేరు పెట్టనివాడైతే "బీ ఆల్ఫా 1-1:3" లాంటిది వస్తుంది, అంటే వాడి పక్షం, దళం, దళంలో వాడి వరస. పేరు లేని పెట్టె, గోడ లాంటివైతే ఏవో సంఖ్యలూ చివర త్రీడీ మోడల్ ఫైలు పేరూ వస్తాయి. ఇవి మనిషి చదువుకోవడానికి పనికొచ్చే వర్ణనలే గానీ ఏ పట్టికలోనూ తాళంచెవులు కావు. సెట్‌వెహికల్‌వార్‌నేమ్ అనే కమాండ్ సంగతి ఇంకా విచిత్రం. ఆట నడుస్తుండగా పుట్టించిన బండికి దానితో పేరు పెడితే స్ట్ర్ ఆ పేరునే బుద్ధిగా చూపిస్తుంది. కానీ ఆ పేరుతో గ్లోబల్ వేరియబుల్ మాత్రం పుట్టదు, దాన్ని సెట్‌వేరియబుల్‌తో మనమే విడిగా రాసుకోవాలి. అది మరిచిపోతే, బండిని అడిగితే పేరు చెబుతుంది, పేరును అడిగితే బండి రాదు. స్ట్రింగ్‌కూ ఆబ్జెక్ట్‌కూ మధ్య సహజ బంధమంటూ లేదనీ, ఎవరో ఒకరు రాసిపెడితేనే ఉంటుందనీ ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తట్టదు.

ఇక కాల్ కంపైల్ మీద నా అభ్యంతరం. అది నిదానమని చాలామంది అంటారు. నిజమే, పట్టికలో ఒక పేరు వెతకడం కన్నా కోడ్‌ను చదివి విడగొట్టి నడపడం ఎక్కువ పని. కానీ మిషన్ మొదట్లో పదిసార్లు జరిగితే ఎవరికీ తెలియదు. షెడ్యూల్డ్ స్క్రిప్టులు, అంటే వంతులవారీగా ఆగుతూ నడిచేవి, అన్నిటికీ కలిపి ఇంజన్ ఫ్రేముకు 3 మిల్లీసెకన్లే ఇస్తుంది గనక, ఆగకుండా తిరిగే లూపుల్లో మాత్రమే దాని భారం కనిపిస్తుంది. వేగం పేరు చెప్పి దాన్ని తప్పుపట్టేవాళ్లు బలహీనమైన వాదనను ఎంచుకుంటున్నారు. అసలు ఆపద నమ్మకం దగ్గరుంది. స్ట్రింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో దాని రచయితకు మీ మిషన్‌లో కోడ్ నడిపే అధికారాన్ని కాల్ కంపైల్ ఇచ్చేస్తుంది. ఆ స్ట్రింగ్ ఇంకో ఆటగాడి కంప్యూటర్ నుంచి వచ్చినా అంతే, ఆటగాడు టైపు చేసిన పెట్టెలోంచి వచ్చినా అంతే. పాత ఆర్మాల్లో సెట్‌వెహికల్‌ఇనిట్ అనే కమాండ్ ఉండేది. ఒక బండికి ఒక స్ట్రింగ్ తగిలిస్తే, ఆటలో ఉన్న అన్ని కంప్యూటర్లలోనూ ఆ స్ట్రింగ్ కోడ్‌గా నడిచేది. కొత్తగా పుట్టిన బండికి అందరి దగ్గరా ఒకే పేరు ఉండేలా చూసుకోవడానికి మిషన్ రచయితలు దాన్ని తెగ వాడేవారు. మోసగాళ్లకూ అదే వరమైంది. ఆర్మా 3లో భద్రతా కారణాలతో ఆ కమాండ్‌ను పని చెయ్యకుండా చేశారు.

ఇది ఒక్క ఆర్మా కథే అయితే చెక్ ఇంజనీర్ల అలవాటని సరిపెట్టుకోవచ్చు. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 కూడా ఇదే గోతిలో పడింది, అదీ ఎదురు దిక్కు నుంచి. దాని జాస్ భాషలో ఒక యూనిట్‌కు సొంత సమాచారం తగిలించే సదుపాయం సరిగా ఉండేది కాదు. ఒక ఫంక్షన్‌లో రెండు రిటర్నులు రాస్తే కంపైలర్ చివరిదాని రకాన్ని మాత్రమే సరిచూస్తుందని మ్యాపులు రాసేవాళ్లు కనిపెట్టారు. యూనిట్‌ను మొదటి రిటర్నులో పెట్టి, రెండోదానిలో సున్నా రాస్తే, యూనిట్ ఒక పూర్ణసంఖ్యగా బయటికొస్తుంది. ఆ సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చి, గేమ్ క్యాష్ అనే చోట తాళంచెవిగా వాడి, దాని కింద కావలసిన సమాచారం దాచుకునేవారు. సంఖ్యను తిరిగి యూనిట్‌గా మార్చడానికీ అదే కిటుకు. ఏళ్లపాటు ఎన్నో ప్రసిద్ధ మ్యాపులు ఈ లొసుగు మీదే నిలబడ్డాయి. ఏ సంఖ్యనైనా ఏ రకంగానైనా నమ్మించగలిగితే ఆటగాడి కంప్యూటర్‌లో పరాయి కోడ్ కూడా నడిపించవచ్చని బయటపడ్డాక, 2009లో 1.24 ప్యాచ్‌తో బ్లిజర్డ్ దాన్ని మూసేసింది. ఎన్నో మ్యాపులు తిరగరాయాల్సి వచ్చింది. అయితే అదే ప్యాచ్‌లో హ్యాష్‌టేబుల్, గెట్‌హ్యాండిల్‌ఐడీ అనే సక్రమమైన సాధనాలు కూడా ఇచ్చింది. జనం అడ్డదారి తొక్కింది అల్లరికి కాదు, రాజమార్గం లేక. ఆర్మాలో ఆ మార్గం గెట్‌వేరియబుల్ రూపంలో ఏనాడో ఉంది. అందుకే ఇవాళ ఆర్మా 3లో పేరు నుంచి వస్తువు తీయడానికి కాల్ కంపైల్ వాడేవాళ్లకు నా దగ్గర సానుభూతి తక్కువ.

స్ట్రింగ్ నేనే రాశాను, బయటినుంచి రాలేదు, ఇక భయమెందుకని ఒకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒకే మనిషి రాసి, ఒకే మనిషి ఆడే మిషన్‌లో భయం లేదు. కానీ మిషన్ స్క్రిప్టులు ఎక్కడివక్కడ ఉండవు. ఒకరి ఫంక్షన్ ఇంకొకరి మిషన్‌లోకి, అక్కడి నుంచి సర్వర్ల మీదికి నకళ్లుగా పోతూనే ఉంటాయి. రాసినవాడు తన చేత్తో ఇచ్చిన స్ట్రింగ్ స్థానంలోకి నాలుగో చేతికి వచ్చేసరికి నెట్‌వర్క్ మీద వచ్చిన స్ట్రింగ్ చేరి ఉంటుంది, ఫంక్షన్ మాత్రం మారదు.

ఇప్పుడు కష్టమైన భాగం: పేరు పిలిస్తే ఎవరూ పలకకపోవడం. ఆర్మా మల్టీప్లేయర్‌లో పది ఆటగాళ్ల స్థానాలకు పీ1 నుంచి పీ10 దాకా పేర్లు పెట్టి, ఖాళీ స్థానాల్లో కంప్యూటర్ సైనికులు రాకుండా ఆపేశారనుకోండి. ఆరుగురే ఆడటానికొస్తే మిగతా నలుగురు మ్యాప్ మీద పుట్టనే పుట్టరు. వాళ్ల వేరియబుల్స్ ఖాళీ ఆబ్జెక్టులు కూడా కావు, అసలు లేనే లేవు, నిల్. అప్పుడు పది పేర్లనూ నేరుగా ఒక జాబితాలో రాసి లూప్ నడిపితే ఏమవుతుందన్నది ఆ కోడ్ ఎక్కడ నడుస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. షెడ్యూల్డ్‌లో అయితే వేరియబుల్ లేదని ఎర్రర్ కనిపిస్తుంది, మధ్యలో ఆగకుండా ఒక్క ఊపులో నడిచే అన్‌షెడ్యూల్డ్‌లో అయితే ఆ కమాండ్ చప్పుడు లేకుండా జారిపోతుంది. అందుకే పది స్ట్రింగులు రాసుకుని, ఒక్కోదాన్ని ఆబ్జ్‌నల్ బదులు విలువతో గెట్‌వేరియబుల్‌కు ఇచ్చి, ఈజ్‌నల్‌తో ఖాళీలను ఏరిపారేసే పద్ధతి అంత వాడుకలోకి వచ్చింది. దానిలో ఇంకో సౌఖ్యం కూడా ఉంది. ఎన్నడూ పుట్టనివాడూ, పుట్టాక తొలగించబడినవాడూ ఇద్దరూ ఒకే పరీక్షకు దొరుకుతారు. చచ్చిపోయినవాడు మాత్రం దొరకడు, శవం మ్యాప్ మీద ఉన్నంతకాలం రిఫరెన్స్ బతికే ఉంటుంది. దానికి అలైవ్ అనే పరీక్ష విడిగా పెట్టాలి.

దీని మీద నాకు తెలిసిన అత్యంత పదునైన విమర్శ ఈ బదులు విలువ గురించే. ట్యాంక్_7 అని రాయబోయి ట్యాక్_7 అని రాస్తే, ఆబ్జ్‌నల్ ఆ అచ్చుతప్పును మింగేస్తుంది. లూప్ ఏడో బండిని దాటేసి పోతుంది, ఎర్రర్ రాదు, ఆటలో ఒక ట్యాంకు మాత్రం ఇంధనం నిండుగా వేసుకుని తిరుగుతుంటుంది. విమర్శ నిజం. జవాబు బదులు విలువను మానెయ్యడంలో లేదు, ఆ స్థానం ఖాళీగా ఉండవచ్చా అన్నది ముందే నిర్ణయించుకోవడంలో ఉంది. ఆటగాళ్ల స్థానం ఖాళీగా ఉండవచ్చు, అది ఆట స్వభావం, అక్కడ ఆబ్జ్‌నల్ సరైన జవాబు. కథకు ఇరుసైన అధికారి లేకపోవడం మాత్రం మిషన్ రాసినవాడి పొరపాటు, అక్కడ బదులు విలువ ఇవ్వకుండా ఈజ్‌నిల్‌తో చూసి, లాగ్ ఫైల్లో గట్టిగా అరిపించాలి. పేరు కింద ఉన్నది నిజంగా ఆబ్జెక్టేనా అని చూసుకోవడం కూడా మంచిదే. ఎడిటర్‌లో ఎస్1 అని పేరు పెట్టిన సైనికుణ్ణి, ఇంకెక్కడో ఒక స్క్రిప్ట్ ఎస్1 అనే లెక్క వేరియబుల్‌తో చెరిపేస్తే ఇంజన్ అడ్డు చెప్పదు. పట్టిక అందరిదీ, కాపలా ఎవరూ ఉండరు. పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా ఆ పట్టికకు పట్టదు కూడా. ఆర్మా 3కు తర్వాతి కాలంలో చేర్చిన హ్యాష్‌మ్యాప్‌లకు మాత్రం ఆ తేడా పడుతుంది. పాత కోడ్‌ను హ్యాష్‌మ్యాప్‌లోకి మార్చేటప్పుడు ఈ తేడా చాలామందిని తిప్పలు పెడుతుంది.

ఒకసారి మార్చుకుని రిఫరెన్స్‌ను దాచుకుంటే చాలు కదా, ప్రతిసారీ పేరు పిలవడమెందుకన్నది సాధారణ ప్రోగ్రామింగ్ బుద్ధి చెప్పే మాట. యూనిటీలో గేమ్‌ఆబ్జెక్ట్ ఫైండ్ గురించి దాని అధికారిక డాక్యుమెంటేషన్ కూడా అదే చెబుతుంది: ప్రతి ఫ్రేములో పిలవకండి, ఒకసారి వెతికి దాచుకోండి. ట్యాంకుల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఆటగాళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ సలహా తిరగబడుతుంది. ఆర్మా మల్టీప్లేయర్‌లో పీ5 చచ్చి మళ్లీ పుడితే కొత్త శరీరం వస్తుంది, ఇంజన్ పీ5 అనే పేరును తీసుకెళ్లి ఆ కొత్త శరీరానికి కడుతుంది. ఆట మొదట్లో పీ5ను జాబితాలో దాచుకున్న స్క్రిప్ట్ చేతిలో మిగిలింది శవం. దానికి ప్రాణం పోయిందని మళ్లీ మళ్లీ లెక్క రాస్తుంది, బహుమతి ఆయుధాన్ని దాని పక్కనే పడేస్తుంది. ఇక్కడ పేరే నమ్మకస్తురాలు, రిఫరెన్స్ కాదు. రెస్పాన్ ఈవెంట్ హ్యాండ్లర్ కొత్త శరీరాన్నీ పాత శవాన్నీ రెంటినీ అందిస్తుంది గనక జాబితాను అక్కడ సరిదిద్దుకోవచ్చు, కానీ ఇంజన్ ఉచితంగా చేసిపెడుతున్న పనిని మనం మళ్లీ చెయ్యడమవుతుంది. అదే, ఫలానా శవం జేబులోంచి ఉత్తరం తియ్యాలనే ఘట్టమైతే పేరు పనికిరాదు, ఆ శరీరం రిఫరెన్సే కావాలి. ఏది మంచిదన్నది వేగం మీద కాక, కథకు కావలసింది పాత్రా, శరీరమా అన్నదాని మీద ఆధారపడుతుందని నేననేది ఇందుకే.

మిగతా ఇంజన్ల చరిత్రను ఈ కళ్లతో చూస్తే తికమకగా ఉన్నవి కుదురుకుంటాయి. 1993 నాటి డూమ్‌లో పేర్లు లేవు, గీతలకూ గదులకూ ట్యాగ్ అంకెలే ఉండేవి. ఒకే అంకె ఉన్న గదులన్నీ ఒకేసారి కదిలేవి. 1996లో క్వేక్ ఆ అంకెను స్ట్రింగ్ చేసింది: మీట మీద టార్గెట్, తలుపు మీద టార్గెట్‌నేమ్, రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. కలిసినవి నాలుగుంటే నాలుగూ తెరుచుకుంటాయి. పేరు ఒక్కరికే ఉండాలన్న నియమమే అక్కడ లేదు. దాని వంశంలోని సోర్స్ ఇంజన్ ఇంకో అడుగు వేసి, పేరు చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మొదలుతో ఉన్నవన్నీ పలికేలా చేసింది. మీట నొక్కిందెవరో వాళ్లే కావాలంటే యాక్టివేటర్ అనే ప్రత్యేక పేరునూ ఇచ్చింది. డీసీఎస్ వరల్డ్ విమానాల మిషన్లలో, కూలిపోయిన విమానం పేరుతో గెట్‌బైనేమ్ పిలిస్తే నిల్ వస్తుంది. అదే పేరుతో కొత్త దళాన్ని స్క్రిప్ట్ ద్వారా దించితే అది పాత దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. గోడోలో పేరు ఒక చిరునామా, ఏ నోడ్ కింద ఏ నోడ్ ఉందో చెప్పే దారి. నోడ్‌ను ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరిపితే దారి తెగిపోతుంది. 3.5 వెర్షన్‌లో శాతం గుర్తుతో పిలిచే ప్రత్యేక పేర్లు వచ్చాక సీన్ లోపల ఈ బెడద తగ్గింది. అన్‌రియల్ సాఫ్ట్ రిఫరెన్స్ మరీ ముక్కుసూటిది. అది దారిని దాచుకుని తిరుగుతుంది, వస్తువు ఇంకా మెమరీలోకి రాకపోయినా ఫరవాలేదంటుంది, అవసరమైనప్పుడే తెరుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటికన్నా ఆధునికం కాదు. పేరు నుంచి శరీరానికి కట్టే ముడి ఎప్పుడు పడాలన్న ప్రశ్నకు ఒక్కోటి ఒక్కో జవాబు.

నెట్‌వర్క్, సేవ్ ఫైళ్లు వచ్చిన చోట ముడి తప్పనిసరిగా విప్పాల్సి వస్తుంది. ఆర్మా మల్టీప్లేయర్‌లో నెట్‌ఐడీ అనే కమాండ్ "2:15" లాంటి స్ట్రింగ్ ఇస్తుంది. ఆబ్జెక్ట్‌ఫ్రమ్‌నెట్‌ఐడీ దాన్ని తిరిగి వస్తువుగా మారుస్తుంది. ఇది పాత్ర పేరు కాదు, శరీరానికే వేసిన నంబర్ ప్లేటు, ఆ ఒక్క ఆట నడిచినంతసేపే చెల్లుతుంది. రేపటి ఆటకు మిగలాలంటే, ఆట ముగిసినా నిలిచే ప్రొఫైల్‌నేమ్‌స్పేస్ పట్టికలో రిఫరెన్స్ దాచి లాభం లేదు, నంబరు దాచినా లాభం లేదు. బండి రకం, ఉన్న చోటు, మిగిలిన ఇంధనం, దాని పేరు అక్షరాలుగా అంకెలుగా రాసుకుని, రేపు కొత్త శరీరాన్ని పుట్టించి దానికి పాత పేరు కట్టాల్సిందే.

ఇంత గొడవ ఎందుకు, స్ట్రింగులనే తీసెయ్యండని చెప్పే వర్గం ఒకటుంది. యూనిటీలో ఇన్‌స్పెక్టర్ గడిలోకి వస్తువును లాగి వదిలితే చాలు, స్కైరిమ్ పాపిరస్ స్క్రిప్టుల్లో ప్రాపర్టీని ఎడిటర్‌లోనే నింపితే చాలు, అక్షరదోషానికి తావే ఉండదు. ఎడిటర్‌లో కళ్లముందున్న వస్తువుకు ఇది నిస్సందేహంగా మెరుగు, ఆర్మాలో కూడా సింక్ గీతలు గీసి ఎన్నో పేర్లను ఎగరగొట్టవచ్చు. ఎడిటర్ మూసేశాక పుట్టేవాటికి మాత్రం లాగి వదలడానికి ఏమీ ఉండదు. స్కైరిమ్‌లోనే, ఉందో లేదో తెలియని ఇంకో మాడ్‌లోని వస్తువు కావాలంటే ఫైలు పేరును స్ట్రింగ్‌గా ఇచ్చి గెట్‌ఫార్మ్‌ఫ్రమ్‌ఫైల్ పిలవక తప్పదు. బొహీమియా 2022లో కొత్త ఇంజన్‌తో, కొత్త స్క్రిప్ట్ భాషతో ఆర్మా రిఫోర్జర్ విడుదల చేసినప్పుడు ఆర్మా 3 స్క్రిప్ట్ భాష ఎస్‌క్యూఎఫ్ పోయింది గానీ పేరుతో ఎంటిటీని వెతికే ఫంక్షన్ పోలేదు.

ఆర్మా 3లో శరీరమే లేని పేర్లు కూడా ఉన్నాయి, మార్కర్లు. క్రియేట్‌మార్కర్ తిరిగిచ్చేది స్ట్రింగే, మార్కర్ కమాండ్లన్నీ పుచ్చుకునేదీ స్ట్రింగే, మార్చడానికి ఆబ్జెక్ట్ లేనే లేదు. అక్కడైనా తలనొప్పి పోయిందా అంటే, లేని మార్కర్ పేరిచ్చి చోటు అడిగితే ఇంజన్ ఎర్రర్ చెప్పదు, మూడు సున్నాలు ఇస్తుంది. అది మ్యాప్ నైరుతి మూల, ఆర్మా 3లోని ఆల్టిస్ ద్వీపం మ్యాప్‌లో అయితే అక్కడున్నది సముద్రం. స్థావరంలో పుట్టాల్సిన దళం మొత్తం నీళ్లలో ఈదుతూ కనిపిస్తే, ఇంకేదీ వెతక్కముందు మార్కర్ పేరులో అక్షరాలు సరిచూసుకోవాలి.